యంత్రం పాడిందంటారు గానీ...

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని డోనా సమ్మర్ 'ఐ ఫీల్ లవ్' వింటే ముందు పట్టుకునేది గొంతు కాదు, బేసు. ఎడమ చెవిలో ఒక స్వరం పలుకుతుంది. అది ఆరకముందే కుడి చెవిలో అదే స్వరం మళ్ళీ పలుకుతుంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. దాదాపు ఆరు నిమిషాలు ఆగదు, అలసిపోదు, వెంట్రుకవాసి కూడా తడబడదు. వాయించేవాడు ఊపిరి పీల్చుకోడా అనిపిస్తుంది. వాయించేవాడు ఉంటే కదా!

1977లో మ్యూనిక్ నగరంలో తయారైన ఈ పాటను యంత్రాలు పుట్టించిన మొదటి పెద్ద డ్యాన్సు పాటగా చెబుతారు. ఆ తరవాత వచ్చిన టెక్నో, హౌస్, ట్రాన్స్, ఇవాళ పెళ్ళి బరాతుల్లో డీజేలు వేసే ఎలక్ట్రానిక్ మోతలో సగం, దీని సంతానమే. ఇందులో అబద్ధం లేదు. కానీ పాట తయారైన తీరు తెలిస్తే ఆ మాట సగమే నిజమని అర్థమవుతుంది. మీట నొక్కితే వచ్చిన పాట కాదిది. మొండికేసే యంత్రాన్ని నలుగురైదుగురు మనుషులు బుజ్జగించి, బెదిరించి, ముక్కలు ముక్కలుగా పాడించిన పాట. చేతిపని అనడమే న్యాయం.

ఆ మనుషుల్లో పెద్ద జోర్జో మొరోడర్. ఇటలీ ఉత్తరపు కొండల్లోని ఓర్టిసేయిలో 1940లో పుట్టి, గిటార్ పట్టుకుని బతుకుతెరువు వెతుక్కుంటూ జర్మనీ చేరాడు. పీట్ బెలోట్ ఇంగ్లీషువాడు, పాటల రచయిత, మొరోడర్‌కు నిర్మాణంలో జోడీ. డోనా సమ్మర్ అమెరికాలోని బోస్టన్ అమ్మాయి. చర్చిలో గొంతెత్తి పాడుతూ పెరిగింది. 'హెయిర్' అనే సంగీత నాటకంలో వేషం కోసం 1968లో మ్యూనిక్ వచ్చి అక్కడే ఉండిపోయింది. ఈ ముగ్గురూ 1975లో 'లవ్ టు లవ్ యూ బేబీ' చేశారు. అమెరికాలో కాసాబ్లాంకా రికార్డ్స్ యజమాని నీల్ బోగార్ట్ ఆ పాట విని, సరిపోలేదు, రికార్డు ఒక పక్కంతా నిండేలా సాగదీసి పంపమన్నాడు. దాదాపు 17 నిమిషాలు సాగదీశారు. నిట్టూర్పులు ఎక్కువయ్యాయని బీబీసీ వేయనంది. జనం కొన్నారు.

రెండేళ్ళ తరవాత వాళ్ళు తలపెట్టిన ఆల్బమ్ పేరు 'ఐ రిమెంబర్ యెస్టర్‌డే'. గడిచిన కాలాల సంగీతాన్ని ఒక్కో పాటలో ఒక్కో తీరుగా గుర్తుచేయడం దాని ఆలోచన. పాతకాలపు డ్యాన్సు బ్యాండ్ల బాణీ ఉంది, అరవైల అమ్మాయిల బృందాల బాణీ ఉంది. చివరి పాట రాబోయే కాలానిది కావాలి. రాబోయే కాలం ఎలా మోగుతుందో ఎవరికి తెలుసు? మామూలు వాయిద్యాలతో మోగదని మాత్రం మొరోడర్ తేల్చుకున్నాడు. అంతా సింథసైజర్‌తోనే చేయాలన్నాడు.

అప్పటి మోగ్ మాడ్యులర్ సింథసైజర్‌ను ఇప్పటి కీబోర్డులా ఊహించుకోకూడదు. అది బీరువా అంత చెక్కపెట్టె. నిండా మీటలు, మరలు, ఒక అర నుంచి ఇంకో అరకు వేలాడే తీగలు. దానికి జ్ఞాపకశక్తి లేదు. ఈ రోజు కుదిర్చిన నాదం రేపు కావాలంటే తీగలన్నీ మళ్ళీ గుచ్చుకుని, మరలన్నీ మళ్ళీ తిప్పుకోవాలి. ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. రెండు స్వరాలు కలిపి వినిపించాలంటే రెండు సార్లు రికార్డు చేయాలి. పైగా అది వీళ్ళ సొంతం కూడా కాదు. మ్యూనిక్‌లోనే ఉండే శాస్త్రీయ సంగీతకారుడు ఎబర్‌హార్ట్ షోనర్ దగ్గర అరువు తెచ్చుకున్నది. దాంతో పాటు, దాన్ని నడపడం తెలిసిన రాబీ వెడెల్ కూడా వచ్చాడు. నన్నడిగితే ఈ పాట మీద పేరు పడాల్సినవాళ్ళలో మొదటివాడు అతనే. ఎక్కడా పెద్దగా పడలేదు.

వెడెల్ చేసిన పని చూడటానికి చిన్నది. 16 ట్రాకుల టేపులో చివరి ట్రాకు మీద మోగ్ నుంచి ఒక కాలసూచిక, టక్ టక్ మనే సంకేతం, రికార్డు చేశాడు. తరవాత ఏ పొర రికార్డు చేస్తున్నా యంత్రం ఆ సంకేతాన్ని విని దానికి కట్టుబడి నడుస్తుంది. ఇందులో గొప్పేముంది అనిపించవచ్చు. ఈ ఏర్పాటు లేకపోతే ఈ రోజు రికార్డు చేసిన బేసూ, రేపు దాని మీద వేసే ఇంకో పొరా ఒకే కాలప్రమాణంలో మొదలై, పది సెకన్లకు ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ జారిపోతాయి. మనుషులైతే ఒకరినొకరు విని సర్దుకుంటారు. యంత్రానికి ఆ బుద్ధి లేదు. వెడెల్ దానికి చెవి పెట్టాడు. ఇవాళ ప్రతి కంప్యూటర్ స్టూడియోలో ఎవరూ ఆలోచించకుండా వాడుకునే వసతి ఇదే.

లయ కుదిరింది, శ్రుతి మాత్రం కుదరలేదు. మోగ్‌లో స్వరం విద్యుత్ వోల్టేజీ మీద ఆధారపడుతుంది. లోపలి భాగాలు వేడెక్కినా చల్లబడినా స్వరం జారిపోతుంది. ఇరవై, ముప్ఫై సెకన్లు రికార్డు చేసేసరికి బేసు శ్రుతి తప్పేది. ఆపేవాళ్ళు. మళ్ళీ శ్రుతి చేసేవాళ్ళు. ఆపిన చోటి నుంచి మళ్ళీ రికార్డు. పాట పొడవునా ఇదే తంతు. వేసిన ప్రతి పొరకూ ఇదే తంతు. అంటే, ఎక్కడా అతుకు లేకుండా ప్రవహిస్తున్నట్టు వినిపించే ఆ బేసు నిజానికి అతుకుల బొంత. కుట్టు కనపడకపోవడమే దాని నేర్పు.

చెవులు మారే ఆ చమత్కారం తరవాత చేరింది. మోగ్ పలికిన స్వరాన్ని ఎడమ వైపు ఉంచి, దాన్నే రెప్పపాటు ఆలస్యంగా కుడి వైపు వినిపించారు. రెండు స్వరాల మధ్య ఖాళీలో సరిగ్గా దాని ప్రతిధ్వని వచ్చి కూర్చుంటుంది. వేగం ఉన్నపళంగా రెట్టింపైనట్టు ఉంటుంది. తాళం మారలేదు, కాలం మారలేదు, నడక మాత్రం పరుగైంది. మన మృదంగ విద్వాంసులు రెండో కాలానికి వెళ్ళినప్పుడు కలిగే ఉత్సాహం లాంటిదే ఇక్కడా కలుగుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ సగం స్వరాలు ఎవరూ వాయించినవి కావు.

తాళవాద్యాలు కూడా మోగ్ నుంచే పిండారు. స్టేషన్ దొరకనప్పుడు రేడియోలో వచ్చే హోరు ఉంటుందే, అలాంటి శబ్దాన్ని తీసుకుని, దాని మొదలూ తుదీ కత్తిరించి, పొట్టిగా కోస్తే తాళం చిప్పలు. కాస్త లావుగా కోస్తే స్నేర్ డ్రమ్. ఇంతవరకూ బాగానే ఉంది. కాలితో తొక్కి వాయించే పెద్ద డ్రమ్ దగ్గర యంత్రం చేతులెత్తేసింది. ఎంత ప్రయత్నించినా గుండెకు తగిలే దెబ్బ రాలేదు. చివరికి కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్‌ను కూర్చోబెట్టి ఆ ఒక్క దరువూ అతనితో వాయించారు. ఎక్కడా ఉరుపు లేదు, మలుపు లేదు, తీర్మానం లేదు. వాయించే మనిషికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? కానీ డ్యాన్సు ఫ్లోర్ మీద ఒళ్ళు కదిలించేది ఆ దరువే. యంత్రాల పాటలో మనిషి కాలు అక్కడుంది. ఫోర్సీకి తరవాత మంచి రోజులే వచ్చాయి. 'ఫ్లాష్‌డ్యాన్స్' సినిమా పాటకు మొరోడర్‌తో పాటు ఆస్కార్ అందుకున్నాడు.

ఇక గొంతు. మాటలు రాయడానికి బెలోట్ సమ్మర్ ఇంటికి వెళ్ళాడట. ఆమె మేడ మీద ఫోన్‌లో జ్యోతిష్కులతో మాట్లాడుతోంది. ఉన్న ప్రియుడితో ఉండాలా, కొత్తగా పరిచయమైన బ్రూస్ సుడానోతో వెళ్ళాలా అన్నది ప్రశ్న. గంటలు గడిచాయి. ఫోన్ తెగలేదు. బెలోట్ ఒక్కడే కూర్చుని మాటలు పూర్తిచేశాడు. ఆమె కిందికి వచ్చి, చదివి, స్టూడియోకు వెళ్ళి ఒక్క టేకులో పాడేసిందని అతను చెప్పాడు. గ్రహాలు సుడానో వైపే మొగ్గినట్టున్నాయి, 1980లో అతన్నే పెళ్ళి చేసుకుంది.

మాటలు చాలా తక్కువ. పొడుగాటి స్వరాల మీద చిన్న చిన్న మాటలు సాగుతాయి, అంతే. కథ లేదు, చరణం చరణానికీ భావం ఎదగడం లేదు. సాహిత్యం కోసం పాట వినే మనకు ఇది వెలితిగానే తోస్తుంది. కానీ ఈ పాట నిర్మాణం వేరు. సమ్మర్‌కు చర్చిలో సానపట్టిన బలమైన గొంతు ఉంది, తలుచుకుంటే గోడలు అదిరేలా పాడగలదు. ఇక్కడ ఆ బలమంతా దాచుకుంది. పై స్థాయిలో, సన్నగా, గాలిలో తేలినట్టు పాడింది. కింద యంత్రం అక్షరం పొల్లుపోకుండా కొడుతుంటే, పైన ఆమె తాళానికి కాస్త వెనకా ముందూ జారుతూ, స్వరాన్ని నెమ్మదిగా అందుకుంటూ పోతుంది. ఇద్దరూ పోటీ పడి గట్టిగా కొట్టుంటే పాట మొదటి నిమిషంలోనే విసుగొచ్చేది. నా లెక్కలో ఇది ఆమె చేసిన అతి తెలివైన పని, మొరోడర్‌కు దక్కిన పేరులో సగం ఆమెకు రావాలి.

మన చెవికి ఈ పాట అంత పరాయిగా అనిపించకపోవడానికి కూడా ఒక కారణం ఉంది. పాశ్చాత్య పాటల్లో స్వరసంపుటులు ఊరికే మారిపోతుంటాయి. ఇక్కడ బేసు చాలాసేపు ఒకే ఆధార స్వరం దగ్గర కూర్చుంటుంది, కదిలినా తొందరపడదు. గొంతు దాని మీద విస్తరిస్తుంది. తంబురా మీద ఆలాపన వినే అలవాటున్నవాళ్ళకు ఈ ఓపిక తెలిసిందే. మొరోడర్ మన సంగీతం నుంచి తీసుకున్నాడని నేననడం లేదు. దారి వేరు, చేరిన చోటు దగ్గరిది.

ఇంత చేసి, కంపెనీ దీన్ని మొదట ఒక రికార్డు వెనక పక్కన వేసింది. ముందు పక్కన ఒక నెమ్మది ప్రేమగీతం. డ్యాన్సు క్లబ్బుల వాళ్ళు రికార్డు తిరగేసి వేసుకోవడంతో కంపెనీకి బుద్ధొచ్చింది. 1977 వేసవిలో బ్రిటన్‌లో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అమెరికాలో ఆరో స్థానం దాకా వెళ్ళింది. అప్పుడు బెర్లిన్‌లో గాయకుడు డేవిడ్ బౌయీ రికార్డింగులో ఉన్నాడు. అతనితో పనిచేస్తున్న సంగీతకారుడు బ్రయన్ ఈనో ఈ రికార్డు చేతపట్టుకుని పరిగెత్తుకొచ్చాడనీ, రాబోయే పదిహేనేళ్ళ క్లబ్బు సంగీతాన్ని ఇది మార్చేస్తుందన్నాడనీ బౌయీ తరవాత చెప్పుకున్నాడు. ఈనో లెక్క తప్పింది, పదిహేనేళ్ళతో ఆగలేదు.

అందరూ నెత్తిన పెట్టుకోలేదు. యంత్రానికి ఆత్మ ఉండదనీ, వాయిద్యకారుల నోట మట్టి కొడుతుందనీ విమర్శలు వచ్చాయి. రెండో మాటలో నిజం ఉంది. డిస్కో అనే ఈ క్లబ్బు డ్యాన్సు సంగీతం మీద కోపం మాత్రం సంగీతానికే పరిమితం కాదు. ఆ క్లబ్బులకు ప్రాణం పోసింది నల్లజాతివాళ్ళు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు. 1979 జూలై 12న షికాగోలోని కొమిస్కీ పార్కు బేస్‌బాల్ మైదానంలో రెండు ఆటల మధ్య డిస్కో రికార్డులు పోగేసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూకారు, రెండో ఆట జరగనే లేదు. తమాషా ఏమిటంటే కొన్నేళ్ళకే అదే షికాగోలో, డిస్కో క్లబ్బులకు ప్రాణం పోసిన ఆ జనం నుంచే, హౌస్ సంగీతం పుట్టింది. దాని అడుగున కొట్టుకునేది ఈ పాట నాడే.

మన దేశంలో ఈ గాలి రెండు దారుల్లో వీచింది. ఒకటి అందరికీ తెలిసిన సినిమా దారి. 1982లో 'డిస్కో డ్యాన్సర్'తో ఊపు తెచ్చిన బప్పీ లహరిని 1986లో హీరో కృష్ణ 'సింహాసనం' కోసం తెలుగుకు తెచ్చారు. రాజులు, కత్తులు, కోటల సినిమాకు డిస్కో దరువు! ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఊళ్ళూ వాడలూ ఊగిపోయాయి. రెండోది ఎవరూ పట్టించుకోని దారి. 1982లోనే బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసే చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ సంగీత యంత్రాలు మూడు పెట్టుకుని భైరవ్, లలిత్ వంటి పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చాడు. అమ్ముడుపోలేదు. దాదాపు మూడు దశాబ్దాల తరవాత యూరప్‌లో మళ్ళీ విడుదలైతే అక్కడి డీజేలు నోరెళ్ళబెట్టారు. మద్రాసు స్టూడియోల్లో అరవై మంది వాద్యకారులూ గాయకులూ ఒకే హాల్లో కూర్చుని ఒక్కసారిగా పాట రికార్డు చేసే పద్ధతి కూడా ఈ గాలికే, ట్రాకులూ సీక్వెన్సర్లూ వచ్చి, మెల్లగా చెదిరిపోయింది. ఎందరో వయొలిన్ వాళ్ళకు పని పోయింది. ఈ పాటను మెచ్చుకునేటప్పుడు అది కూడా ఖాతాలో రాసుకోవాలి.

సమ్మర్ 2012 మేలో మరణించింది. ఆ నెలలోనే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగ్గ రికార్డింగుల జాబితాలో ఈ పాటను చేర్చినట్టు ప్రకటించింది. బియాన్సే 2022లో తన ఆల్బమ్‌ను దీని మీద కట్టుకున్న పాటతోనే ముగించింది. ఇలా ఎత్తుకున్నవాళ్ళ జాబితా రాస్తే ఈ పేజీలు చాలవు. వాళ్ళలో చాలామంది ఎత్తుకున్నది బేసునే. దాని మీద అంత మెత్తగా, అంత నిబ్బరంగా పాడే గొంతును తెచ్చుకున్నవాళ్ళు తక్కువ.

కొత్తగా వినాలనుకునేవాళ్ళకు ఒక మాట. రేడియో కోసం నాలుగు నిమిషాల లోపుకు కోసిన ముక్క వినకండి, ఈ పాటకు అది ద్రోహం. ఎనిమిది నిమిషాల పైచిలుకు ఉండే 12 అంగుళాల రికార్డు వెర్షన్ సరైనది. అది నచ్చితే శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ప్యాట్రిక్ కౌలీ తన సొంత సింథసైజర్లు కలిపి పెంచిన వెర్షన్ ఉంది. 15 నిమిషాల 43 సెకన్లు. మొదట డీజేల మధ్య చేతులు మారుతూ తిరిగి, 1982లో గానీ మామూలుగా విడుదల కాలేదు. మధ్యలో అతను చేసిన అల్లరికి కొందరు చిరాకుపడతారు. నాకైతే ఆ అల్లరే ఇష్టం.