చిత్రతురగమూ కంఠస్వరమూ

శ్రీశంకుకుడు రసచర్చలో చూపిన చిత్రతురగ న్యాయం మన అలంకారశాస్త్రం చదివినవారికి క్రొత్త కాదు. పటంలో వ్రాసిన గుర్రాన్ని చూచి ‘ఇది గుర్రం’ అంటాము. ఆ జ్ఞానం సత్యమూ కాదు, మిథ్యా కాదు, సంశయమూ కాదు, సాదృశ్యమూ కాదు. నటుని చూచి రాముడనుకొనడం కూడ అటువంటి ప్రతీతియే అని ఆయన వాదం. అభినవగుప్తుని నాటికే ఈ వాదం ఖండనకు గురియైనది. అయినా వేయేండ్లు గడచిన తరువాత దీనిని మరల పరీక్షకు పెట్టదగిన రంగస్థలం ఒకటి జపానులో వెలసినది.

అక్కడ ‘వీట్యూబర్లు’ అనబడే ప్రదర్శకులు తమ ముఖం చూపరు. కెమెరా వారి కనురెప్పల, పెదవుల, తల కదలికలను గ్రహిస్తుంది; కంప్యూటరు వాటిని ఒక చిత్రించిన బొమ్మకు అందిస్తుంది. తెర మీద నవ్వేది బొమ్మ. పాడేదీ, ఆటలాడేదీ, గంటల తరబడి ప్రేక్షకులతో ముచ్చటించేదీ మనిషి. ఆ మనిషిని జపానీయులు ‘నకా నో హితో’, అనగా లోపలి వ్యక్తి, అంటారు.

ముఖం దాచినవానికి నిజాయితీ ఎక్కడిదని అడగడం తేలిక. కాని 2017 చివర నెకోమసు అనే మారుపేరుతో వచ్చిన ప్రదర్శకుని చూడండి. ఆయన ధరించినది నక్క చెవుల బాలిక రూపం. గొంతు మాత్రం మార్చుకొనలేదు. ఆ పసి బొమ్మ నోట పెద్దవయసు మగవాని గొంతే వినిపించినది. అది చెప్పినదేమి? దుకాణంలో చిన్న జీతానికి పనిచేసే బ్రతుకులోని అగచాట్లు. కూచిపూడి రంగం మీద వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ అయినప్పుడు పురుషుడు బొత్తిగా మరుగుపడడమే ఆ కళకు పరాకాష్ఠ. ఇక్కడ బాలికా పురుషుడూ ఒక్కసారిగా కనబడి వినబడడమే రసహేతువు. సొంత ముఖంతో చెప్పుకొంటే జాలికో ఎగతాళికో పాలయ్యే మాటలవి. ముసుగు లేకపోతే అవి మనకు దక్కేవి కావేమో.

అసలు ‘వర్చువల్ యూట్యూబర్’ అనే మాటను 2016లో ప్రచారానికి తెచ్చినది కిజునా ఆయ్. కిజునా అంటే బంధం. తాను కృత్రిమ మేధనని ఆమె (బొమ్మను ‘ఆమె’ అనక తప్పడం లేదు) చెప్పుకొనేది. 2019లో నిర్వాహకులు అదే పేరుకు, అదే రూపానికి ఒకటికి మించిన గొంతులను జోడించినారు. తర్కానికి ఇందులో లోపం లేదు. యంత్రమే అయితే ఎన్ని గొంతులైనా ఉండవచ్చును. అభిమానులు మాత్రం సహించలేదు. నిరసన పెల్లుబికినది. తొలి గొంతు కసుగా నొజొమిదని 2020లో బహిరంగంగా ప్రకటించినారు. నాకు ఈ ఉదంతం ఎన్నో సిద్ధాంత గ్రంథాలకంటె బోధకంగా తోచినది. రూపం అదే, పేరు అదే. అయినా ‘ఈమె ఆమె కాదు’ అన్నారు ప్రేక్షకులు. వారి మమకారం ఒక మాట విరుపుకు, ఒక నవ్వు తెరకు ముడిపడినది. పటం చెక్కుచెదరకుండా ఉన్నది, ‘ఇది గుర్రం’ అనే ప్రతీతి మాత్రం పోయినది! శంకుకుని గుర్రం ఇక్కడ కుంటినది.

మరి ఇంత పనిచేసే కంఠానికి దక్కే హక్కేమిటి? రచయితలమైన మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు. భాగవతుల సదాశివశంకరశాస్త్రి ‘ఆరుద్ర’ అయినాడు. ఏ ప్రచురణకర్తతో సంబంధం తెగినా ఆ పేరు ఆయన వెంటనే నడిచేది. పెద్ద సంస్థల నీడన ఉన్న వీట్యూబరుకు ఆ భాగ్యం సాధారణంగా లేదు. పేరూ బొమ్మా సంస్థ సొత్తు. అట్లాంటిస్ నుండి వచ్చిన సొరచేప పిల్లగా 2020 సెప్టెంబరులో ప్రవేశించిన గావర్ గురాకు నలభై లక్షలకు పైగా చందాదారులు చేరినారు. 2025 మే 1వ తేదీన ఆ పాత్ర సెలవు తీసికొన్నది. అక్కడివారు దీనిని ‘పట్టభద్రత’ అంటారు. తొలగింపుకైనా విరమణకైనా ఇంత తియ్యని పేరు పెట్టడం వ్యాపారులకే చెల్లినది.

అదే దేశపు బున్రాకు బొమ్మలాటలో పద్ధతి వేరు. బొమ్మలను ఆడించేవారు రంగం మీద కనబడుతూనే ఉంటారు. పాత్రల మాటలు పలికే తాయూ ఒక ప్రక్కన అందరి యెదుట కూర్చుంటాడు. ఆట మొదలుకాక మునుపే అతని పేరు చాటుతారు. పేరు తెలిసినంత మాత్రాన బొమ్మ కంట నీరు అబద్ధమైపోలేదు. కనుక లోపలి వ్యక్తిని దాచకపోతే కళ చెడుతుందనే వాదాన్ని నేను అంగీకరించలేను.

న్యాయస్థానం ఈ విషయంలో విమర్శకులకంటె ముందే నడచినది. బొమ్మను ఉద్దేశించి చేసిన దూషణ లోపలి వ్యక్తి గౌరవానికే భంగమని 2022లో ఒసాకా జిల్లా న్యాయస్థానం భావించినది. దెబ్బ తగిలేది మనిషికేనని చట్టం గుర్తించినది. కీర్తి చెందవలసినదీ ఆ మనిషికే అని ఒప్పందపత్రాలు ఇంకను గుర్తించవలసి ఉన్నది.

సంస్థను వీడినవారు తరచుగా మరియొక బొమ్మతో, మరియొక పేరుతో తిరిగి వస్తారు. దీనికి ‘తెన్సెయ్’, పునర్జన్మ, అని పేరు. మొదటి నవ్వులోనే అభిమానులు ఆనవాలు పడతారు. కాని పాత పేరు పైకి అనకపోవడం వారిలో మర్యాద. రేపు ఈ కళకు చరిత్ర వ్రాయబూనిన విమర్శకుడు రెండు పేర్ల క్రింద ఒకే కంఠాన్ని గుర్తించి కూడ, ఆ రెండింటినీ ఒక్క అధ్యాయంలో చేర్చడానికి ఎవరి అనుమతి అడగవలెనో తెలియక కలం ఆపవలసి వస్తుంది.