కైరల్ నానోనిర్మాణాల వివరణలో ‘సవ్య’, ‘అపసవ్య’ పదాలు: ఒక పరిశీలన

కీలకపదాలు: కైరాలిటీ, కాంతి ధ్రువణం, అర్ధవాహకాలు, పారిభాషిక పదాలు, వైజ్ఞానిక సాహిత్యం.

1. ప్రస్తావన:

ఎలా తిప్పినా తన ప్రతిబింబంతో ఏకీభవించని ఆకృతిని లార్డ్ కెల్విన్ ‘కైరల్’ అన్నాడు. చేయి అనే అర్థం గల గ్రీకు పదం దీనికి మూలం. సిలికాన్ వంటి అర్ధవాహకాలతో ఇటువంటి ఆకృతులను నానోస్థాయిలో పెంచవచ్చు. శూన్యంలో పదార్థపు ఆవిరిని ఫలకంపై బాగా ఏటవాలుగా పడనిస్తే, మొదట ఏర్పడిన గుబ్బల నీడలోకి ఆవిరి చేరదు. సన్నని స్తంభాలు లేస్తాయి. ఫలకాన్ని నెమ్మదిగా తిప్పితే అవి మెలితిరుగుతాయి. తిప్పిన దిశే మెలిక వాటాన్ని నిర్ణయిస్తుంది. ఇటువంటి కైరల్ పొరలను గురించి కెవిన్ రాబీ, మైకేల్ బ్రెట్, అఖ్లేష్ లఖ్టాకియా 1996లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఒక్కొక్క మెలిక నిడివి, పొరలోని కాంతి తరంగదైర్ఘ్యంతో సరిపోయినప్పుడు, ఆ పొర తన వాటపు వృత్తీయ ధ్రువిత కాంతిని పరావర్తనం చేసి, రెండవదానిని పోనిస్తుంది.

2. పదాల పరిశీలన:

ఈ వాటాన్ని తెలుగులో చెప్పబోతే మొదట స్ఫురించేవి ‘సవ్య’, ‘అపసవ్య’ పదాలు. సంస్కృతంలో సవ్యమంటే ఎడమ. ఎడమచేతితోనూ బాణం వేయగలవాడు కనుకనే అర్జునుడు సవ్యసాచి. నేటి పాఠ్యపుస్తకాలలో సవ్యదిశ అంటే గడియారపు ముల్లు తిరిగే దిశ. అర్థంలోని ఈ తారుమారు కన్నా మౌలికమైన చిక్కు మరొకటి ఉంది. గాజు గడియారాన్ని వెనుకనుండి చూస్తే ముల్లు అపసవ్యంగా తిరుగుతుంది. కుడిమర మేకు మాత్రం ఏ కొననుండి చూసినా కుడిమరే. భ్రమణదిశ చూసేవాని స్థానాన్ని బట్టి మారుతుంది. వాటం వస్తువులోనే ఉంటుంది.

‘దక్షిణావర్తం’ అన్నా సందిగ్ధత తొలగదు. మనం పూజించే దక్షిణావర్త శంఖాన్ని జీవశాస్త్రం ఎడమవాటపు శంఖంగా లెక్కిస్తుంది. చుట్ల కొనను సంప్రదాయం కిందికి, శాస్త్రం పైకి పట్టి, నోరు ఏ వైపున ఉందో చూడటమే ఈ భేదానికి కారణం. పోనీ, ‘చేతివాటం’ అందామంటే వాడుకలో అది చిల్లర దొంగతనం!

3. ముగింపు:

భౌతికశాస్త్ర బోధనలో ‘కుడిచేతి మర నియమం’ పరిచితమే. కనుక ‘కైరల్’ను యథాతథంగా స్వీకరించి, ఆకృతి వాటానికి ‘కుడిమర’, ‘ఎడమమర’ పదాలను వాడటం సమంజసం. కాంతి విద్యుత్ క్షేత్ర భ్రమణానికి సవ్య, అపసవ్య పదాలను వాడవచ్చు. అయితే కాంతికి ఎదురుగా చూస్తున్నామా, కాంతి వెంబడి చూస్తున్నామా అన్నది ప్రతిసారీ పేర్కొనాలి. ఈ జాగ్రత్త లోపిస్తే, ఆపవలసిన కాంతిని పోనిచ్చే పొరను పెంచమని తెలుగు పాఠం విద్యార్థికి చెప్పినట్లవుతుంది.