సిలిండర్ల తనిఖీ: అర్హతాపత్రము విలువ ఎంత?

నరసరావుపేట ఆసుపత్రులలో నల్లని ఒడలు, తెల్లని భుజములు గల ఆమ్లజని సిలిండరు అందరును ఎరిగినదే. మాచర్ల, గురజాల వెల్డింగు దుకాణములలో ఒళ్లంతయు నల్లనైన దాని జోడు కనబడును. ప్రక్కనే సాగరు జలాశయమున్నను, నీట మునుగువారు వీపున కట్టుకొను స్కూబా సిలిండరును మాత్రము పల్నాటివారు చూచుట అరుదు. అయినను మూడును ఒక్క జాతివే. అధిక పీడనముతో వాయువును బంధించిన లోహపాత్రలు. మన దేశమున ఇట్టి వాటికి 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు వర్తించును.

సాధారణమైన అల్యూమినియపు స్కూబా సిలిండరు సుమారు 11 లీటర్లది. అందలి పీడనము 207 బార్లు. అది పగిలినచో వెలువడు శక్తి 4 లక్షల జౌళ్లకు పైమాటే. టన్ను బరువును 40 మీటర్ల ఎత్తునకు లేపుటకు అది చాలును.

తనిఖీ రెండు విధములు. మొదటిది జలపీడన పరీక్ష. సిలిండరును నీటితో నింపి, నీరున్న మరియొక పాత్రలో ఉంచి, అమెరికా ప్రమాణము ప్రకారము పని పీడనమునకు 5/3 రెట్లు పీడనమెక్కింతురు. అది ఎంత ఉబ్బినదో బయటి పాత్రనుండి తొలగిన నీరే చెప్పును. పీడనము తీసిన పిదప మిగిలిన ఉబ్బు, మొత్తము ఉబ్బులో పదవ వంతు మించరాదు. హుక్ నియమము చదివిన విద్యార్థికి ఇంతకంటె వివరణ అక్కరలేదు.

రెండవది కంటి పరీక్ష. వాల్వు విప్పి, లోపలికి దీపము దించి, మెడలోని మరలను అద్దముతో చూతురు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. 6351 అను మిశ్రలోహముతో చేసిన పాత సిలిండర్ల మెడలో, ఎడతెగని భారము వలన పగుళ్లు మెల్లమెల్లగా పెరుగును. అట్టిది జలపీడన పరీక్షలో నెగ్గియు పోవచ్చును. అందుచేతనే అమెరికా రవాణా శాఖ 2006లో వాటికి సుడి విద్యుత్ప్రవాహములతో మెడను శోధించు పరీక్షను విధించినది. ఉక్కు సిలిండరులో తేమ చేరినచో వేరొక ముప్పు. తుప్పు లోహమును తినుటయే గాక లోపలి గాలిలోని ఆమ్లజనిని కూడ హరించును. అట్టి గాలిని పీల్చువాడు నీటి అడుగున స్పృహ తప్పును.

ఇంత బాధ్యత గల కంటికి అర్హత నిచ్చునదెవరు? అమెరికాలో జలపీడన పరీక్ష చేయువారికి ప్రభుత్వపు గుర్తింపు వలయును. ఏటేటా చేయు కంటి పరీక్ష మాత్రము చట్టము కాదు, డైవింగు వృత్తిలో స్థిరపడిన ఆచారము. దానికి అర్హతాపత్రములిచ్చునవి ప్రైవేటు సంస్థలు. కొలది దినముల శిక్షణలో లోహగుణములు, తిరస్కరింపవలసిన లోపములు చెప్పుదురు. చెప్పునది మంచిదే. కాని మరలు కోసిన పనిముట్టు విడిచిన గీతకును నిజమైన పగులుకును భేదము, ఎన్నో మెడలు చూచినగాని పట్టువడదు. మన నిబంధనలలో అనుమతి పరీక్షా కేంద్రమునకు. దానినిచ్చువారు నాగపూరు కేంద్రముగా గల పెట్రోలియం, పేలుడు పదార్థముల భద్రతా సంస్థ అధిపతి. పరీక్షను ప్రభుత్వపు కనుసన్నలలో ఉంచుట మెచ్చదగినదే. అయినను కేంద్రమునకిచ్చిన అనుమతి, అందు దీపము పట్టి చూచువాని నేర్పునకు సాక్ష్యము కానేరదు.

అర్హతకు ప్రశ్నపత్రము చాలదు. కొన్నిట లోపములుండి, కొన్నిట లేని ఇరువది మెడలను అభ్యర్థి ముందుంచి, అతడు ఎన్ని పగుళ్లు వదలినదీ, ఎన్ని మంచివానిని త్రోసిపుచ్చినదీ లెక్కింపవలయును. కొన్నేండ్లకొకసారి మరల లెక్కింపవలయును.