పరిచారికకు అనురాగమొక్కటి చాలునా?

మనోవ్యాధి పీడితులకు జేయు పరిచర్యను ప్రధానవస్తువుగా గైకొన్న కథలు మన దేశభాషలలో మిక్కిలి యరుదు. అట్టివానిలో నొక బంగాళీ కథ మాత్రము జనహృదయమును విశేషముగా నాకర్షించినది. అశుతోష్ ముఖోపాధ్యాయుని ‘నర్స్ మిత్ర’ యను కథ ననుసరించి అసిత్ సేన్ 1959లో ‘దీప్ జ్వేలే జాయ్’ అను చలనచిత్రమును దీసెను. 1960లో నదియే తెలుగున సావిత్రి నాయికగా ‘చివరకు మిగిలేది’ యయ్యెను. పేరొక్కటియే కాని దీనికి బుచ్చిబాబు నవలతో సంబంధము లేదు. 1969లో హిందీలో వహీదా రెహమాన్ నాయికగా ‘ఖామోషి’ యయ్యెను. పదేండ్లలో మూడు భాషలవారి కన్నీటిని గొన్న యీ కథ గుణదోషములను విచారింపవలసియున్నది.

కథ సంగ్రహముగా నిది. ప్రేమలో దెబ్బతిని మతి చలించిన యువకుని విద్యుదాఘాత చికిత్స లేకయే స్వస్థుని జేయవచ్చునని యొక వైద్యుడు తలంచును. అందులకు నర్సు రోగిని ప్రేమించుచున్నట్లు నటింపవలెను. ఆమె నటించును, రోగి కోలుకొని వెడలిపోవును. కాని యామె మనసు నిజముగనే యాతనియందు లగ్నమైనది. ఆ గాయము మానకమునుపే రెండవ రోగి వచ్చును. ఆమె మొదట నిరాకరించి, పిదప నొప్పుకొనును. అతడును స్వస్థుడగును, ఆమెకు మతి తప్పును. తాను సేవచేసిన యాసుపత్రిలోనే యామె రోగియై చేరును.

ఇందలి గుణము సామాన్యమైనది కాదు. పిచ్చివానిని నవ్వులాటకో భయపెట్టుటకో వాడుకొను నలవాటు మన నాటకములకును జిత్రములకును జిరకాలముగా గలదు. ఇందు రోగి మనుష్యుడు. సేవించు నామెకును మనసున్నదని చూపుట మఱింత గొప్ప.

ఐనను దోషమొకటి కలదు. ఈ కథ పరిచర్యను విద్యగా గాక స్త్రీసహజమైన త్యాగముగా భావించినది. చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఆ పరిచారకునకు మఱల నాలుగు గుణములు విధించెను: ఉపచారము నెఱుంగుట, దక్షత, అనురాగము, శుచిత్వము. అనురాగము మూడవది, ఎఱుక మొదటిది. కథకుడు మూడవదానిని గ్రహించి మొదటిదానిని విడిచెను. ఆ నర్సునకు ప్రేమింప నేర్పవలసిన యక్కఱ లేదు. కాని వీడ్కొన నేర్పినవాడును లేడు.

ఆ బంగాళీ చిత్రమునకు ఏడేండ్లు ముందే, 1952లో, హిల్డెగార్డ్ పెప్లౌ అను అమెరికా నర్సు, నర్సునకును రోగికిని గల సంబంధమును శాస్త్రముగా విచారించి గ్రంథము వెలువరించెను. ఆ సంబంధమునకు దశలు కలవనియు, తుదిదశలో రోగి నర్సుపై నాధారపడుట మాని స్వతంత్రుడు కావలెననియు నామె చెప్పెను. విడివడుటయు చికిత్సలో భాగమే యన్నమాట. ఈ దృష్టితో జూచినచో కథలోని విషాదము విధికృతము కాదు, వైద్యుని యపరాధము. రోగి నమ్మకమును నటనపై నిలుపుట మొదటి తప్పు. గాయపడిన నర్సును మఱల నా పనికే పంపుట రెండవ తప్పు. తుదకు వైద్యుడు పశ్చాత్తాపపడును గాని, కథ మన కన్నీటినంతయు నామె త్యాగమునకు సమర్పించి, అతని నడుగవలసిన ప్రశ్న నడుగదు.

ఇది చిత్రములకు మాత్రమే చెందిన మాట కాదు. మన యిండ్లలో తల్లియో భార్యయో రోగిని రాత్రింబవళ్లు కనిపెట్టుకొని యుండును. వేళకు మందిచ్చుట, నిద్ర తగ్గుటను గమనించుట, కోపమున నాడిన మాటకు మాట బదులీయకుండుట, తన యలసటను దాను గుర్తించుట, ఇవన్నియు నేర్వదగిన విద్యలు. నేర్పువారు లేరు; ‘ఆమె దేవత’ యని పొగడి యూరకుందురు. పొగడ్త విశ్రాంతి నీయదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. మనోవ్యాధి నర్సనగా గుర్తింపు పొందిన నర్సు విద్య నభ్యసించినవారని నిర్వచించినది. పరిచర్య విద్య యని చట్ట మొప్పుకొన్నది. మన కథలు నొప్పుకొనవలసియున్నవి.

ఇకమీద నీ వస్తువును జేపట్టు రచయితలకు నాదొక మనవి. పరిచారికను బలియిచ్చి రోగిని బ్రతికింపకుడు. ఆమె తన పని ముగించుకొని, యింటికేగి, అన్నము తిని నిద్రించి, మఱునాడు మరల రాగలిగిన కథయు గొప్ప కథయే.