శిక్ష పేరిట మిగిలిన వెట్టి

అమెరికాలో బానిసత్వాన్ని రద్దుచేసిన పదమూడవ రాజ్యాంగ సవరణ (1865) నేరానికి విధించే శిక్షను మాత్రం మినహాయించింది. కాలిఫోర్నియా రాజ్యాంగంలోనూ నిర్బంధ చాకిరికి ఇటువంటి మినహాయింపే ఉంది. దానిని తొలగించాలన్న ఆరవ ప్రతిపాదనను 2024 నవంబరులో రాష్ట్ర ఓటర్లే తిరస్కరించారు. స్వపరిపాలన వస్తే వెట్టి దానంతటదే పోతుందన్న నమ్మకాన్ని ఈ తీర్పు ప్రశ్నిస్తుంది. రాష్ట్ర కారాగారాల్లో శిక్ష అనుభవిస్తూ ఆ చాకిరి చేసే ఖైదీలకు అక్కడ ఓటు లేదు.

అదే రాష్ట్రంలోని డబ్లిన్ పట్టణంలో ఒక ఫెడరల్ మహిళా కారాగారం ఉండేది. ఖైదీలపై లైంగిక అత్యాచారాలకు పాల్పడ్డాడని దాని వార్డెన్‌నే 2022లో జ్యూరీ దోషిగా నిర్ధారించింది. 2024లో కారాగారం మూతపడింది. ఇటువంటి కేసుల్లో ఖైదీ సమ్మతించిందన్న వాదన చట్టం ముందు నిలవదు, ఎందుకంటే కాదనే వీలు లేనిచోట సమ్మతికి అర్థం లేదు. శరీరం విషయంలో అంగీకరించిన ఈ న్యాయాన్ని శ్రమకు ఎందుకు వర్తింపజేయరు?

కనీస వేతనం కన్నా తక్కువకు చేయించే పనీ నిర్బంధ శ్రమే అని భారత సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. ఖైదీల శ్రమకు న్యాయమైన వేతనం ఇవ్వాలని 1998లో ఆదేశించింది. అయితే కఠిన శిక్ష పడిన ఖైదీకి పనిని నిరాకరించే హక్కును మాత్రం అదీ ఇవ్వలేదు.

తెలంగాణ గడీలలో వెట్టి చేసినవారికీ ఈ ఖైదీలకూ లేనిది ఒక్కటే: ‘చేయను’ అనగల హక్కు. అధిక సంఖ్యాకుల ఓటుకు అతీతంగా ఆ హక్కును కాపాడనంతవరకు, స్వపరిపాలనలో కూడా వెట్టికి చోటు మిగిలే ఉంటుంది.