కంప్యూటరులో దినచర్య: ఎంపికకు ఏది కొలబద్ద?

వైద్యుని కలిసికొనవలసిన దినము, కరెంటు బిల్లు గడువు, బంధువుల యింట పెండ్లి - వీటిని పూర్వము గోడమీది క్యాలెండరులోనో, జేబు డైరీలోనో వ్రాసికొనెడివారు. నేడు ఆ పని కంప్యూటరుకును, సెల్‌ఫోనుకును అప్పగింపబడినది. కాని కార్యాలయములో విండోస్, ఇంటిలో లినక్స్, చేతిలో ఆండ్రాయిడ్ ఉన్నవారికి ఒకచోట వ్రాసినది మరొకచోట కనబడక చిక్కు ఏర్పడుచున్నది. అందుచేత అన్ని ఆపరేటింగ్ సిస్టములపైనను నడచు ప్రోగ్రామును ఎన్నుకొనుడని సాధారణముగా సలహా యిచ్చెదరు. ఈ సలహా సగమే సరియైనది.

ఇందుకు 'చాండ్లర్' చరిత్రయే సాక్ష్యము. లోటస్ సంస్థ స్థాపకులలో ఒకరైన మిచ్ కేపర్ 2002లో ఈ ప్రోగ్రాము నిర్మాణమును ప్రకటించిరి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిపైనను నడచుటయు, తేదీలు, పనులు, లేఖలు, నోట్సు అన్నింటిని ఒకేచోట ఇముడ్చుటయు దాని ఆశయము. ఆశయము మెచ్చదగినదే. కాని సమాచారమును దాచుటకు తమదైన భాండారమును నిర్మించుటలో బృందము చాల శ్రమ వెచ్చించెను. 1.0 కూర్పు వెలువడుటకు 2008 ఆగస్టు వరకు పట్టెను. ఆ యేడాది ఆరంభముననే కేపర్ తప్పుకొనిరి. పిమ్మట అభివృద్ధి ఆగిపోయెను.

విజయవంతమైన ప్రోగ్రాములకును అపాయము లేకపోలేదు. ఫోనులపైనను, కంప్యూటర్లపైనను చక్కగా నడచిన 'వండర్‌లిస్ట్' జర్మనీలో పుట్టి, 2015లో మైక్రోసాఫ్టు వశమై, 2020 మే 6న మూతపడెను. కొన్న సంస్థ తన మరొక ప్రోగ్రామునకు పట్టికలను తరలించుకొను వీలు కల్పించెను. అట్టి వీలు అన్నివేళల దొరకునను హామీ లేదు.

కావున ప్రోగ్రాము ఎక్కడెక్కడ నడచునన్నదానికంటె, అందులోని సమాచారము ఏ రూపమున బయటకు వచ్చునన్నది ముఖ్యము. తేదీలకు 'ఐక్యాలెండర్' అను ప్రమాణరూపము 1998లో వెలువడి, 2009లో సవరింపబడినది. ఇది సాదా అక్షరముల ఫైలు. కార్యము పేరు, ఆరంభకాలము, ముగింపుకాలము వేరువేరు పంక్తులలో ఉండును. ఏ సామాన్య ఎడిటరుతోనైనను తెరచి చదువవచ్చును. సర్వరు ద్వారా పలు యంత్రములలోని పట్టికలను ఏకీభవింపజేయు పద్ధతి 'కాల్‌డావ్'. ఇది 2007లో వెలువడినది. చాండ్లర్ బృందములో పనిచేసిన లీసా డుసో దీని ముగ్గురు రచయితలలో ఒకరు. ప్రోగ్రాము నిలువలేదు, ప్రమాణము నేటికిని వాడుకలోనున్నది.

అయితే ఈ ప్రమాణము లోపరహితమైనది కాదు. పంక్తి 75 బైట్లకు మించినచో మడచి తరువాతి పంక్తిలో వ్రాయవలెను. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంకేతమునకు మూడు కావలెను. 'లక్ష్మి' అను పేరులో కంటికి రెండక్షరములే కనబడినను సంకేతములు ఏడు, బైట్లు 21. మడత సంకేతము నడుమ పడి, దానిని సరిగా అతుకలేని ప్రోగ్రాము చేతికి చిక్కినచో తెలుగు అక్షరము చెడిపోవును. మరియు 2009 నాటి ప్రమాణము గ్రెగోరియన్ తేదీలనే ఎరుగును. తిథినిబట్టి వచ్చు తద్దినమును ఏటేట విడిగా వ్రాసికొనక తప్పదు.

ఈ దృష్టితో చూచినచో 'థండర్‌బర్డ్' మెరుగైన ఎంపిక. అది విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిపైనను నడచును. పై రెండు ప్రమాణములను పాటించును. 2020 నుండి క్యాలెండరు అందులో అంతర్భాగమైనది. ఆండ్రాయిడ్ ఫోనును దీనితో కాల్‌డావ్ ద్వారా కలుపుటకు మాత్రము మరొక సహాయక ప్రోగ్రాము కావలసి వచ్చుట కొంత అసౌకర్యము.

ఏ ప్రోగ్రామునైనను స్వీకరించుటకు ముందు పాఠకులు ఒక చిన్న పరీక్ష జరుపవచ్చును. ఒక పొడవైన తెలుగు వాక్యముతోను, ప్రతివారము వచ్చు కార్యముతోను కలిపి పది అంశములు అందులో వ్రాసి, ఐక్యాలెండర్ ఫైలుగా వెలికితీసి, మరొక ఆపరేటింగ్ సిస్టములోని వేరు ప్రోగ్రాములో తెరచి పోల్చవలెను. పదియు చెక్కుచెదరక కనబడినచో నిశ్చింతగా వాడవచ్చును. పదేండ్ల తేదీలు చేరిన పిమ్మట లోపము బయటపడినచో, అన్నియు చేతితో తిరిగి వ్రాసికొనవలసివచ్చును.