‘గారు’ లేని చోట తెలుగు పాఠం

మా తిరువూరు నుంచి అమెరికా వెళ్లేవాళ్లు ఎమ్మెస్ చదవడానికి వెళ్తారు, లేదంటే కూతురి పురుటికి వెళ్తారు. తెలుగు చెప్పడానికి వెళ్తున్నానంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. “ఇక్కడి పిల్లలకే సరిగా రావట్లేదు, అంత దూరం వెళ్లి ఎవరికి చెప్తావమ్మా?” అన్నారు పక్కింటి పెద్దాయన. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

నేను వెళ్లింది అమెరికా ప్రభుత్వ ఫుల్‌బ్రైట్ వాళ్ల ఎఫ్‌ఎల్‌టీఏ పథకం మీద. విదేశీ భాషలు చెప్పే సహాయకుల కోసం 1968 నుంచి నడుస్తున్న పథకమిది. 21 నుంచి 29 ఏళ్ల మధ్య వయసున్న టీచర్లను, ముఖ్యంగా ఇంగ్లీషు చెప్పేవాళ్లను, ఒక విద్యా సంవత్సరం పాటు అక్కడి విశ్వవిద్యాలయానికి పంపి వాళ్ల మాతృభాష చెప్పిస్తారు. సెమిస్టర్‌కు కనీసం రెండు కోర్సులు మనమూ చదవాలి. వీసా జె-1. తిరిగొచ్చి రెండేళ్లు సొంత దేశంలో ఉంటే తప్ప మామూలుగా హెచ్-1 గానీ గ్రీన్‌కార్డు గానీ ఇవ్వరు. ఈ షరతు తెలిశాక చుట్టాలకు నా ప్రయాణం మీద సరదా సగం తగ్గింది. వచ్చిన సంబంధం ఒకటి వెనక్కి పోయింది. పోతే పోనీ అనుకున్నాను.

చలి గురించీ తిండి గురించీ అందరూ అడుగుతారు. వాడిన కోట్లు చవగ్గా దొరుకుతాయి, ఇండియన్ స్టోర్లో కందిపప్పు, గోంగూర పచ్చడి దొరుకుతాయి. ఆ సంగతి అంతటితో సరి. నాకు చేతకానిది మనుషుల్ని పిలవడం. మా ప్రొఫెసర్‌కు అరవై దాటాయి. మొదటి రోజే తనను పేరు పెట్టి పిలవమన్నారు. నోరు రాలేదు. పిలవాల్సిన అవసరం పడకుండా, ఆవిడ తలెత్తి చూసేదాకా గుమ్మంలో నిలబడి అప్పుడు మాట్లాడేదాన్ని.

క్లాసులో రెండు రకాల విద్యార్థులు. మొదటి రకం, అక్కడే పుట్టిన మన పిల్లలు. తెలుగు అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం వచ్చేవి ఆజ్ఞలే: రా, తిను, పడుకో, ఫోను పక్కన పెట్టు. ఇంట్లో అమ్మానాన్నల దగ్గర వాళ్లు విన్న తెలుగు అదే మరి. నేను క్లాసులోకి రాగానే ఒక కుర్రాడు లేచి కుర్చీ చూపించి, ఎంతో గౌరవంగా “నువ్వు కూర్చో” అన్నాడు. రెండో రకం, చరిత్ర మీదో మతం మీదో పరిశోధన చేస్తూ తెలుగు నేర్చుకునే అమెరికన్లు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన 1985 నాటి వ్యాకరణం వాళ్లకు కొట్టినపిండి. నాకు తోచని సూత్రాలు ఎన్నో పేజీ తీసి చూపించేవాళ్లు. అలాంటి అమ్మాయి ఒకామె వీడియో కాల్లో మా అక్క మూడేళ్ల కొడుకుని “మీరు భోజనం చేశారా?” అని అడిగింది. వాడు పడీ పడీ నవ్వాడు.

ఈ రెండు రకాలవాళ్లనూ జతచేసి తిరువూరు బస్టాండు ఆట పెట్టాను. అడగాల్సిన సంగతి ఒకటే, మైలవరం బస్సు వెళ్లిపోయిందా అని. కండక్టర్ని అడగాలి, బెంచీ మీద ముసలాయన్ని అడగాలి, స్నేహితురాల్ని అడగాలి, కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్న పిల్లాణ్ణి అడగాలి. “బాబాయ్, మైలవరం బస్సెళ్లిపోయిందా?” “ఏమండీ, వెళ్లిపోయిందాండీ?” “ఏమే, పోయిందా?” “ఒరేయ్, పోయిందేంట్రా?” మన పిల్లలు ‘అండీ’ దగ్గర తడబడితే, పరిశోధకులు ‘ఒరేయ్’ అనలేక సిగ్గుపడేవాళ్లు. నా యాస సగం కృష్ణాది, సగం ఖమ్మానిది. గంపలగూడెం అవతల తెలంగాణే కదా. పుస్తకంలో లేని ఆ మాటతీరును దాచుకోకుండా అదే నేర్పాను.

ఆ ఆటలోనే ఒకామె అడిగింది: “ముసలాయన కూలీ అయితే?” ఆ ప్రశ్న ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. తాత వయసున్న కూలీని ‘నువ్వు’ అని, ఆయన యజమాని కొడుకు కుర్రాడైనా ‘మీరు’ అనడం చూస్తూ పెరిగినదాన్ని. వయసును బట్టి గౌరవం అని పొద్దున్న బోర్డు మీద రాసింది నేనే. కులమూ డబ్బూ కూడా చూస్తామని కింద ఇంకో వరుస రాయాల్సి వచ్చింది. మన మర్యాద గొప్పదని చెప్పుకునేవాళ్లు ఆ రెండో వరుస రాయరు. పరాయి పిల్లల ముందు రాయడానికి నాకూ చెయ్యి సాగలేదు. మర్నాడు ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలిచాను. నోరు ఎండిపోయింది గానీ, ఆవిడ మామూలుగానే తలెత్తి చూశారు.

తెలుగు చెప్పడానికి అమెరికా వెళ్లే దారి కొత్తది కాదు. ఏలూరులో పాఠాలు చెప్పిన వెల్చేరు నారాయణరావు గారు 1971లో విస్కాన్సిన్ వెళ్లి దశాబ్దాల పాటు మాడిసన్‌లో తెలుగు చెప్పారు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి అక్కడి పిల్లలకు వారాంతాల్లో అక్షరాలు దిద్దిస్తోంది. వెళ్లేవాళ్లకు ఒక్క హెచ్చరిక: మొదటి సెమిస్టర్లో శని, ఆదివారాలన్నీ తెలుగువాళ్ల ఇళ్లలో గడపకండి. పులిహోర బాగుంటుంది, ఆదరణ ఇంకా బాగుంటుంది, ఉగాది నాటకం బరువు మాత్రం మీ నెత్తినే పడుతుంది. డార్మిటరీ వంటింట్లో గిన్నెలు కడుగుతూ మాట్లాడుకున్నవాళ్లే నాకు ఆ ఊరిని అలవాటు చేశారు.

మన జిల్లాలో ఇంగ్లీషు చెప్పే కుర్ర లెక్చరర్లు మన దేశంలో ఫుల్‌బ్రైట్ ఎంపికలు చూసే యూఎస్‌ఐఈఎఫ్ ప్రకటన కోసం చూస్తూ ఉండండి. ఆ ఏడాది పిలిచే భాషల్లో తెలుగు ఉందో లేదో ముందు సరిచూసుకోండి. దరఖాస్తు పెట్టేలోగా, మీ వీధి హోటల్లో పనిచేసే బిహారీ కుర్రాడికి నెల్లాళ్లు తెలుగు నేర్పి చూడండి. నేర్పేటప్పుడు అతణ్ణి ‘మీరు’ అనండి.